సాలు చివర ఆగిన పెన్సిల్

సైకాలజీ చదువుతున్నానని చెప్పగానే అందరూ ఒకటే అడిగేవారు. "అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు." హాస్టల్ వాచ్‌మన్ అడిగాడు. పాసింజరులో పక్క సీటావిడ అడిగింది. డుంబ్రిగుడ సంతలో ఎండుచేపలు అమ్మే ఆమె తూకం ఆపి మరీ అడిగింది. నాకు ఒళ్లు మండేది. వాళ్ల మనసుల సంగతి అలా ఉంచండి, క్లాసులో మేడమ్ చెప్పేదేమిటో నాకే బోధపడి చచ్చేది కాదు.

ఆ చదువు నేను కోరుకున్నది కాదు. బి.ఎ. అయ్యాక ఎం.ఎ. తెలుగుకి దరఖాస్తు పెట్టాను. కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. బల్ల అవతల కూర్చున్నాయన జాబితా మీద వేలు నడిపించి, "సైకాలజీలో ఎస్టీ సీటు ఒకటుంది. తీసుకుంటావా? బేగి చెప్పు, వెనక చాలామంది ఉన్నారు" అన్నాడు. వెనక చాలామంది ఉన్నారు కదాని తీసుకున్నాను. తొంభైల చివరి రోజులవి. విశాఖపట్నంలో యూనివర్సిటీ హాస్టల్‌కి నేను వెళ్లినప్పుడు నా దగ్గరున్నవి ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి.

మా ఊరు డుంబ్రిగుడకి పైన, రైలు పట్టాలు కనపడేంత దూరంలో ఉంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఒడియా కలిసిన మా మాట, బయటివాళ్లతో తెలుగు. అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోతే అన్నా వదినా నన్ను పెంచారు. అన్న ఏడో తరగతితో ఆపేశాడు. నేను ఆపలేదంటే అది నా గొప్ప కాదు, ఆయన ఆపనివ్వలేదు.

మొదటి రోజు క్లాసులో మేడమ్ బోర్డు మీద బిహేవియర్ అని రాసింది. "బయటికి కనిపించేది, లెక్కపెట్టగలిగేది. అదే మన సబ్జెక్టు. లోపల ఏముందో మనకి అనవసరం" అంది. చక్కగా ఉంది, రాసుకున్నాను. మరుసటి గంటలో ఇంకో సారు వచ్చి, మనిషి చేసే పనులన్నిటికీ కారణం లోపల కనపడకుండా ఉంటుంది, పైకి కనిపించేది నమ్మకండి అన్నారు. అదీ రాసుకున్నాను. రెండింట్లో ఏది నిజమని మా సీనియర్‌ని అడిగితే, "రెండూ పరీక్షలో వస్తాయి" అంది.

ఆ నెలలోనే మా మీద మాకే ఒక ప్రశ్నపత్రం పెట్టారు. ప్రతి ప్రశ్నకీ మూడు జవాబులు: అవును, కాదు, చెప్పలేను. "మీకు తరచుగా ఒంటరిగా అనిపిస్తుందా?" అని ఉంది. మా ఇంట్లో గది ఒకటే. అందులో మనుషులు కాక కోళ్లు కూడా పడుకునేవి. ఒంటరిగా అనిపించాలంటే ముందు ఒంటరిగా ఉండాలి కదా. "కొత్తవారితో మాట్లాడటానికి సంకోచిస్తారా?" మా ఊరికి వచ్చే కొత్తవాళ్లు ఎక్కువగా అడవి శాఖ మనుషులు. వాళ్లతో సంకోచించకుండా మాట్లాడితే అది తెలివితక్కువతనం. నేను ముప్పావువంతు ప్రశ్నలకి "చెప్పలేను" దగ్గర గీత పెట్టాను. మార్కులు వేసి చూస్తే, నిర్ణయాలు తీసుకోలేని స్వభావం అని వచ్చింది. ఆ సీటు నేను అర నిమిషంలో తీసుకున్నానని ఎవరికి చెప్పను?

నా గదిలో పార్వతీపురం అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న అక్కడి మార్కెట్ యార్డులో కాటా దగ్గర పని. నవ్వుతూ తిరిగే మనిషి. స్టాటిస్టిక్స్ అంటే మాత్రం ఆమెకి చెమటలు పట్టేవి. నాకు తలకెక్కిందల్లా అదొక్కటే. అంకెలు ఒక గంటలో ఒకలా, ఇంకో గంటలో ఇంకోలా మాట్లాడవు. పరీక్షకి వారం ముందు ఆమె నోట్సు పట్టుకుని నా మంచం మీద కూర్చుంది. "ఈ స్టాండర్డ్ డీవియేషన్ ఒక్కపాలి సెప్పవే, నీకు పుణ్యముంటాది." రేపు చెప్తానన్నాను. మర్నాడు కూడా రేపే అన్నాను. క్లాసులో ఫస్టు వచ్చినవాళ్లకి మేడమ్ దగ్గర ప్రాజెక్టు దొరుకుతుందని విన్నాను, అదీ సంగతి. ఆమె రెండుసార్లు ఆ పేపరు తప్పింది. రెండో ఏడు మొదట్లో చదువు మానేసి వెళ్లిపోయింది. ఆమె రేకు పెట్టె రెండో చివర పట్టుకుని బస్సు స్టాపు దాకా మోశాను. అంత మాత్రం సాయం చేశాను.

అనుకున్నట్టే మేడమ్ నన్ను ప్రాజెక్టుకి తీసుకుంది. కొండ ఊళ్ల పిల్లల్లో, ఘాటు కింద ఊళ్ల పిల్లల్లో ధ్యాస ఎలా ఉంటుందో పోల్చి చూడటం నా పని. ఒక కాగితం నిండా గుండ్రాలు, చుక్కలు, త్రికోణాలు వరుసలు వరుసలుగా అచ్చయి ఉంటాయి. త్రికోణాలన్నిటినీ పెన్సిల్‌తో కొట్టుకుంటూ పోవాలి. విజిల్ వేశాక మొదలు, మళ్లీ వేశాక ఆపాలి. ఎన్ని కొట్టారు, ఎన్ని వదిలేశారు, అంతే లెక్క.

ఆ లెక్కతో ఇంకో పని కూడా ముడిపడి ఉందని మేడమ్ తర్వాత చెప్పింది. విశాఖపట్నంలో ఒక ట్రస్టువాళ్ల బడి ఉంది. ఇంగ్లీషు మీడియం, ఉండటం తిండి వాళ్లదే, పదో తరగతి దాకా. నాలుగో తరగతి చదివే పిల్లల్ని అయిదుగురిని నా పరీక్షలో వచ్చిన మార్కుల్ని బట్టి తీసుకుంటారు. ఈ మాట వినగానే నాకు తట్టింది నా మేనకోడలు.

దానికి తొమ్మిదేళ్లు. అన్నకి ఒక్కతే కూతురు. మా పట్టాల మీద ఇనుప రాయి మోసుకెళ్లే గూడ్సు పోతుంటే పిల్లలంతా గట్టు మీద నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవారు. యాభై దాటేసరికి అందరూ తప్పేవారు, నేను కూడా. అది తప్పేది కాదు. బండి మలుపు తిరిగి కనుమరుగయ్యాక తీరుబడిగా అంకె చెప్పేది. ఒకసారి నన్ను అడిగింది.

"అత్తా, ఆ రాళ్లన్నీ ఎక్కడ దింపుతారు?"

"విశాఖపట్నంలో, ఓడల దగ్గర."

"అక్కడికి అన్ని పెట్టెలూ ఎల్తాయా? మద్దెలో ఏటైనా తగ్గుతాయా?"

నాకు తెలీదన్నాను. అక్కడ నిలబడి మళ్లీ లెక్కపెట్టి చూడాలని ఉందని చెప్పింది. ట్రస్టు బడి గురించి చెప్పినప్పుడు ఆ పిల్ల అడిగిందొక్కటే, అక్కడి నుంచి పట్టాలు కనపడతాయా అని. కనపడతాయన్నాను. అన్న ఆ వారమే అరకు సంతకి పోయి ఆకుపచ్చ రంగు రేకు పెట్టె కొనుక్కొచ్చాడు. ఇంకా పరీక్షే పెట్టలేదన్నా, పెట్టెకి కంగారేటి అన్నాను. "నువ్వే కదే పెట్టేది" అన్నాడు. ఆయన ఏ తప్పుడు ఉద్దేశంతోనూ అనలేదు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మేడమ్ ముందే హెచ్చరించింది. "మీ ఊళ్లో చేస్తున్నావు. బంధువులుంటారు. పక్షపాతం వచ్చిందంటే మొత్తం పారెయ్యాలి."

జనవరిలో పరీక్ష పెట్టాను. బడి గదిలో సిమెంటు బస్తాలు వేసి ఉన్నాయని ప్రార్థన మందిరం వాడుకోమన్నారు. పిల్లలు నేల మీద వరుసగా కూర్చున్నారు. అందరికీ కాగితం, పెన్సిల్ ఇచ్చి, పుస్తకంలో ఉన్న సూచనలు మా మాటలో చెప్పాను. "ఎవరి పని వారే చేయాలి. వీలైనంత వేగంగా చేయాలి." రెండో వాక్యం సులువుగానే వచ్చింది. మొదటిది చెప్పడానికి రెండు మూడుసార్లు తడబడ్డాను. ఇంగ్లీషు నుంచి మార్చడం చేతకాక అనుకున్నాను.

విజిల్ వేశాను. నా కళ్లు మేనకోడలి మీద పడకుండా ఉంచాలని చూశాను కానీ వల్లకాలేదు. అది మొదటి వరుస చిటికెలో కొట్టేసింది. కొట్టేసి పెన్సిల్ ఎత్తి తల పైకెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. చేతిలో పని పెట్టుకుని దిక్కులు చూస్తోందేమిటి అనుకున్నాను. నా అబ్జర్వేషన్ కాగితంలో "ధ్యాస చెదిరింది" అని రాసుకున్నాను. మిగతా పిల్లలు మొదటి వరుస పూర్తి చేశాక అది రెండోది మొదలుపెట్టింది. మళ్లీ ముందుగా అయిపోయింది, మళ్లీ ఆగింది. ప్రతి వరుస చివరా అదే తంతు. మిగతావాళ్లూ అంతే, ముందు అయినవాళ్లు ఆగుతున్నారు.

కాగితంలో నాలుగో వరుసకి వచ్చేసరికి దాని పక్కనున్న పిల్ల వెనకబడింది. తండ్రి పోయాక బడికి సరిగ్గా రాని గుంట అది, పెన్సిల్ పట్టుకోవడమే కష్టంగా ఉంది. నా మేనకోడలు పక్కకి ఒరిగి, ఆ పిల్ల కాగితం మీద అదే వరుస రెండో చివర నుంచి త్రికోణాలు కొట్టుకుంటూ వచ్చింది. రెండు పెన్సిళ్లు వరుస మధ్యలో కలిశాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయిదో వరుస మొదలుపెట్టారు.

"ఎవరి కాగితం వాళ్లే" అని గట్టిగా అరిచాను. పిల్లలు ఉలిక్కిపడి నావైపు చూశారు. ఒక వరుస దాకా విన్నారు, తర్వాత మామూలే. మూలల్లో ఇంకా ఎవరెవరు ఏం చేశారో నేను సరిగ్గా చూడలేదని సరిపెట్టుకోవచ్చు. ఇది మాత్రం కళ్లారా చూశాను. ఆపైన అది నా మేనకోడలు. దానికి ఒక న్యాయం, మిగతావాళ్లకి ఒక న్యాయం అని ఎవరూ నన్ను అనకూడదు. రెండో విజిల్ వేశాక కాగితాలు తీసుకుంటుంటే అది సంతోషంగా ఇచ్చింది.

"అందరం ఒక్కపాలే ముగించీసినాం అత్తా" అంది.

దాని కాగితం మీద ఎర్ర పెన్నుతో "కాపీ, రద్దు" అని రాశాను. రాస్తున్నప్పుడు, నిజం చెప్తున్నాను, నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

ఆ వారంలోనే ఘాటు కింద ఊళ్లో బడికి వెళ్లాను. అక్కడి పిల్లలు విజిల్ వినగానే ఎడం మోచెయ్యి కాగితానికి అడ్డం పెట్టుకుని వంగిపోయారు. పక్కవాడు చూస్తున్నాడని ఒకడు నాకు ఫిర్యాదు కూడా చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరీక్ష అంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

మార్కులు వేశాక కింద ఊరి పిల్లల్లో ఒకడికి చాలా ఎక్కువ, ఒకడికి చాలా తక్కువ, మిగతావాళ్లు మధ్యలో. మా ఊరి పిల్లలందరికీ ఇంచుమించు ఒకే అంకె. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఒకరికొకరు ఎంతెంత దూరంలో ఉన్నారో చెప్పే లెక్క. మావాళ్ల మధ్య దూరమే లేదు. లెక్క తప్పానేమోనని మూడుసార్లు చేశాను. మేడమ్ కాగితాలు తిరగేసి, "మొత్తం కాపీ కొట్టారు. పడెయ్" అంది. అవును మేడమ్ అన్నాను. ట్రస్టు బడికి వెళ్లిన జాబితాలో అయిదుగురూ కింద ఊళ్ల పిల్లలే.

వేసవిలో ఇంటికి వెళ్లలేదు. థీసిస్ పని ఉందని, జాబితా ఇంకా రాలేదని అన్నకి ఉత్తరం రాశాను. రెండోది అబద్ధం. మా యూనివర్సిటీలో ఏ పనీ అనుకున్న నెలలో అయ్యేది కాదు, థీసిస్ గడువు ఆగస్టు చివరికి జరిగింది. జులైలో ఇక తప్పక వెళ్లాను. ఆకుపచ్చ పెట్టె మూలన ఉంది. మూత మీద అన్న తెల్ల రంగుతో కూతురి పేరు రాయించాడు.

"బళ్లు తెరిసీసినారంట కదే, మన కాగితం రానేదేటి?" అన్నాడు. కనుక్కుంటానన్నాను. వదిన ఇంకేమీ అడగకుండా, "రేపు చోడి సేలో కలుపు. వత్తావా, సదువుకున్న సేతులు నొప్పెడతాయా?" అంది. వస్తానన్నాను.

చోళ్లంటే రాగులే. మా దగ్గర కలుపు ఎవరి చేలో వాళ్లు తీసుకోరు. ఇవాళ మా చేలో అందరూ, రేపు ఇంకొకరి చేలో అందరూ. వరుసగా కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుంటారు. చాలా ఏళ్ల తర్వాత నేను కలుపులో కూర్చున్నాను. కాసేపటికే వేళ్లు మంట, నడుం నొప్పి. గడ్డి ఏదో, చోడి మొలక ఏదో పోల్చుకోవడానికి వంగి చూడాల్సి వచ్చింది. అందరూ ముందుకు పోయారు. నేను తల దించుకుని పీకుతున్నాను. ఎంతసేపటికో ఎదురుగా మట్టి కదిలిన చప్పుడైతే తలెత్తాను. నా మేనకోడలు నా సాలులోనే, రెండో చివర నుంచి కలుపు తీసుకుంటూ నాకు ఎదురొస్తోంది. అటూ ఇటూ చూశాను. ముందుగా అయిపోయినవాళ్లందరూ వెనక్కి తిరిగి, వెనకబడినవాళ్ల సాళ్లలో అవతలి చివర నుంచి వస్తున్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఎవరూ ఎవరికీ సాయం చేస్తున్నట్టు లేరు. అన్ని సాళ్లూ ఒకేసారి ముగిశాయి. అందరూ లేచి తర్వాతి సాళ్లకి జరిగారు.

నా చెయ్యీ దాని చెయ్యీ సాలు మధ్యలో కలిశాక నేను అలాగే కూర్చుండిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్లు వచ్చిన నాటి నుంచీ నేను చేసిన పని ఇది. చిన్నప్పుడు నా సాలులోకి ఎంతమంది ఎదురొచ్చి ఉంటారో లెక్కే లేదు. అలాంటిదాన్ని, మందిరంలో నా కళ్ల ముందే జరిగితే గుర్తుపట్టలేకపోయాను. కనిపించేది, లెక్కపెట్టగలిగేది బిహేవియర్ అని రాసుకున్నాను. కనిపించింది, లెక్కపెట్టాను కూడా. లెక్కపెట్టి కాపీ అని పేరు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మేడమ్ దగ్గరికి పోయి ఇదంతా చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి, చివరిదాకా విన్నది. "ఎంత బాగుంది. ఇది రాయి. నీ థీసిస్‌లో బెస్ట్ పార్ట్ ఇదే అవుతుంది" అంది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ పిల్ల సీటు, మేడమ్?"

ఆ బడిలో చేరిన ఒక పిల్ల ఇంటి మీద బెంగతో వెళ్లిపోయిందట, చోటు ఖాళీగా ఉందట. "మళ్లీ పరీక్ష పెట్టమని నేను వాళ్లకి చెప్తాను. ఈసారి పరీక్ష నువ్వు పెట్టొద్దు, ఇంకొకరిని పంపిస్తాను. కానీ ముందు ఆ పిల్లకి చెప్పు, ఆగొద్దని. పక్కవాళ్ల కాగితం ముట్టుకోవద్దని. ఆగితే అక్కడ నెగ్గలేదు." ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ మాట తప్పని అప్పుడు అనలేకపోయాను, ఇప్పటికీ అనలేను. చుట్టూ ఉన్న లోకం మోచెయ్యి అడ్డం పెట్టుకునే రాస్తోంది మరి.

నేను మళ్లీ ఊరికొచ్చాను. అన్నకి అంతా చెప్పాను, ఎర్ర పెన్ను సంగతి కూడా. ఆయన మూలనున్న పెట్టె వంక చూశాడు. చివరికి, "మళ్లీ పెడతారు కదా, అయితే నేర్పు" అన్నాడు. వసారాలో కూర్చుని మిగిలిపోయిన పరీక్ష కాగితాలు రెండు తీశాను. ఒకటి దానికి, ఒకటి నాకు. నేను కావాలని నెమ్మదిగా చేస్తాను, నువ్వు నావైపు చూడకుండా పోతూ ఉండాలి అన్నాను. అది తలూపింది. మొదటిసారి రెండో వరుసలోనే ఆగిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఆగింది. నేను విసుక్కున్నాను.

"ఎందుకే ఆగిపోతావు?"

"నువ్వు ఎనకబడిపోనావు కదా అత్తా."

"అక్కడ అలా ఆగకూడదు. ఎవరిది వాళ్లే."

"మరైతే ఎనకబడిపోనోళ్లని ఏటి సేత్తారు?"

పార్వతీపురం అమ్మాయి పెట్టె నా కళ్ల ముందుకొచ్చింది. ఆ పెట్టె పిడి నా అరచేతిలో ఒరుసుకుపోయిన బరువుతో సహా గుర్తొచ్చింది. ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. చేసినదాన్నే నేను. "వాళ్ల సంగతి టీచర్లు చూసుకుంటారు" అన్నాను. అది నమ్మింది.

మూడోసారి ఆగలేదు. కాగితం చివరిదాకా గీతలు కొట్టుకుంటూ పోయింది. అయిపోయాక నా కాగితం వైపు చూసింది, నాది ఇంకా సగంలోనే ఉంది. దాని చెయ్యి కదిలింది. వెంటనే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. అలాగే కూర్చుని, నేను పూర్తిచేసేదాకా నా పెన్సిల్ వంకే చూసింది. శభాష్ అన్నాను. అలా అన్నందుకు ఆ పూటంతా నా మీద నాకే కోపంగా ఉంది. అది ఎందుకో కూడా సరిగ్గా చెప్పలేను. సీటు రావాలనే కదా నేనూ కోరుకున్నది.

సీటు వచ్చింది. అన్న పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషన్‌కి నడిచాడు. నా థీసిస్‌లో కలుపు గురించి రాసిన నాలుగు పేజీలు బాగున్నాయని వైవాకి వచ్చిన పెద్దాయన మెచ్చుకున్నారు. ఫస్ట్ క్లాసు వచ్చింది.

మరుసటి ఏడు ఆగస్టులో జెండా పండగకి ముందూ వెనకా కలిసొచ్చి నాలుగు రోజులు సెలవులు దొరికితే మేనకోడలు ఊరికొచ్చింది. అప్పటికి నేను ఉద్యోగం లేక ఇంట్లోనే ఉన్నాను. అది పొడుగైంది. తెలుగు మారింది. క్లాసులో రెండో ర్యాంకు వచ్చిందని చెప్పింది. పట్టాలు కనపడతాయి కానీ ఇనుప రాయి బండి వచ్చే వేళకి క్లాసు ఉంటుందట, లెక్కపెట్టడం కుదరదట. సెలవుల్లో ఒక రోజు మా చేలో కలుపు పడింది. రెండో కలుపు అది. అందరం వరుసగా కూర్చున్నాం. అది నా పక్క సాలు తీసుకుంది.

దాని చెయ్యి ఎప్పటిలాగే చురుకు. నేను సగంలో ఉండగానే దాని సాలు అయిపోయింది. లేచి గట్టు మీదికి పోయి కూర్చుంది. నేను గడ్డి పీకుతూ ఓరకంట చూస్తున్నాను. చేతులు రెండూ తొడల కింద ఉన్నాయి. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి ఎవరో ఒకరి సాలులోకి వస్తున్నారు. అది వాళ్లని చూసింది, నన్ను చూసింది. వదిన కూడా తలెత్తి కూతురిని చూసి, మళ్లీ తల దించుకుంది.

"అత్తా" అని పిలిచింది అది గట్టు మీద నుంచి. "నేను వచ్చి సాయం చెయ్యొచ్చా?"

మా చేలో ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదు. కలుపు తీస్తున్నవాళ్ల చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఎవరో ముసలామె ఇదేటి అన్నట్టు నావైపు చూసింది. దానికి ఆ ప్రశ్న నేర్పింది నేనేనని ఆమెకి తెలీదు.

"రాయే" అన్నాను.

అది చేతులు బయటికి తీసి, నా సాలు అవతలి చివరకి పోయి కూర్చుంది.